అలర్జీ వల్ల ముక్కు కారడానికి మగత రాని యాంటీహిస్టమిన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

దుమ్ము, పుప్పొడి, బూజు, పెంపుడు జంతువుల చర్మపు పొట్టు వంటివి తగిలినప్పుడు ముక్కు నీళ్లలా కారి, వరుసగా తుమ్ములు వచ్చేవారు సాధారణంగా మొదట వేసుకునేది యాంటీహిస్టమిన్ మాత్రనే. వాటిలో మగత తక్కువగా ఉండే రకాలు ఏ లక్షణానికి పనికొస్తాయి, దేనికి పనికిరావు, ఎవరు జాగ్రత్తగా వాడాలి అన్న సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మోతాదులు చెప్పిన చోట అవి వేరే జబ్బులేవీ లేని పెద్దవారికి ఉద్దేశించినవి. మీ వైద్యుడు వేరే మోతాదు రాసి ఉంటే దానినే పాటించండి.

నాది అలర్జీయా, మామూలు జలుబా? ఎలా తెలుస్తుంది?

ఈ రెంటి మధ్య తేడాను పట్టించే ముఖ్యమైన గుర్తు దురద. ముక్కు లోపల, అంగిట్లో, కళ్లలో, చెవుల లోపల దురద పెడుతూ, వరుసగా తుమ్ములు వచ్చి, నీళ్లలాంటి పలుచని స్రావం కారుతుంటే అలర్జీని అనుమానించాలి. వైరస్ వల్ల వచ్చే జలుబులో గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. అది చాలామందిలో 7 నుంచి 10 రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అలర్జీకి జ్వరం రాదు, కారణమైన పదార్థం చుట్టూ ఉన్నన్నాళ్లూ అది వారాల తరబడి సాగుతుంది. గది ఊడ్చినప్పుడు, పక్క దులిపినప్పుడు, మూసి ఉంచిన అలమర తెరిచినప్పుడు, లేదా ప్రతి సంవత్సరం ఒకే కాలంలో మొదలవుతోందంటే అనుమానం మరింత బలపడుతుంది.

స్రావం పసుపు రంగులోకి మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని అనుకోనక్కర లేదు, మామూలు జలుబులో కూడా నాలుగైదు రోజులకు అలా మారుతుంది. ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, మగత రాని యాంటీహిస్టమిన్లు జలుబుకు దాదాపుగా పనిచేయవు. జలుబుకు వేసుకుని గుణం కనబడలేదని మాత్రను తప్పుపట్టేవారు చాలామంది ఉంటారు.

అలర్జీలో ముక్కు ఎందుకు కారుతుంది? మాత్ర అక్కడ ఏం చేస్తుంది?

అలర్జీ ఉన్నవారి శరీరం పుప్పొడి వంటి హానిలేని పదార్థానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. ఇవి ముక్కు లోపలి పొరలో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. మళ్లీ ఎప్పుడైనా ఆ పదార్థం లోపలికి వెళ్లి వాటికి తగిలితే, కొద్ది నిమిషాల్లోనే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. హిస్టమిన్ నరాల కొసలను రెచ్చగొట్టడం వల్ల దురద, తుమ్ములు వస్తాయి, ఆ నరాల ద్వారానే గ్రంథులు ప్రేరేపితమై స్రావం ఊరుతుంది. ఈ పనులన్నీ హిస్టమిన్ హెచ్1 అనే గ్రాహకాలను (కణాల మీద ఉండి రసాయన సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లను) అంటుకోవడం ద్వారా చేస్తుంది. యాంటీహిస్టమిన్ ఆ గ్రాహకాలను పట్టుకుని, వాటిని చైతన్యం లేని స్థితిలో నిలిపి ఉంచుతుంది.

అంటే ఈ మందు హిస్టమిన్ విడుదలను పెద్దగా ఆపదు, విడుదలైనదాని ప్రభావాన్ని అడ్డుకుంటుంది. అందుకే ముక్కు ధారగా కారడం మొదలయ్యాక వేసుకోవడం కన్నా, దుమ్ములో పని ఉందని ముందే తెలిసినప్పుడు ఒకటి రెండు గంటల ముందుగా వేసుకుంటే మెరుగైన ఫలితం కనిపిస్తుంది.

మొదటి దెబ్బ తరువాత కొన్ని గంటలకు రెండో దశ మొదలవుతుంది. ఇయోసినోఫిల్స్ వంటి కణాలు ముక్కు పొరలోకి చేరి, వాపును పెంచి, దిబ్బడ కలిగిస్తాయి. ఈ దశలో హిస్టమిన్ పాత్ర తక్కువ, ల్యూకోట్రయీన్లు మొదలైన ఇతర రసాయనాల పాత్ర ఎక్కువ. యాంటీహిస్టమిన్ ఎక్కడ చేతులెత్తేస్తుందో అర్థం కావడానికి ఈ విషయం గుర్తుంచుకోవాలి.

పాత మాత్రలకు అంత నిద్ర ఎందుకు వస్తుంది? కొత్తవాటికి ఎందుకు రాదు?

మెదడులో హిస్టమిన్ చేసే పని వేరు. అక్కడ అది మనల్ని మెలకువగా, చురుకుగా ఉంచే రసాయనాల్లో ఒకటి. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్ వంటి మొదటి తరం మందులు కొవ్వులో తేలికగా కరుగుతాయి కాబట్టి రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే రక్షణ పొరను దాటి, అక్కడి హెచ్1 గ్రాహకాలను కూడా మూసేస్తాయి. ముక్కు కోసం వేసుకున్న మందు మెదడును జోకొడుతుందన్నమాట.

రెండో తరం మందులైన సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లొరాటడిన్, డెస్‌లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్, రుపటడిన్ ఆ పొరను అంత సులువుగా దాటలేవు. ఫెక్సోఫెనడిన్ వంటివాటిని పీ-గ్లైకోప్రొటీన్ అనే రవాణా ప్రొటీన్ ఎప్పటికప్పుడు మెదడు నుంచి బయటకు తోసేస్తుంది. పాత మందులు హెచ్1తో ఆగక ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను కూడా అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, చూపు మసకబారడం, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం ఆ కారణంగానే కలుగుతాయి. కొత్త మందుల్లో ఈ బెడద చాలా తక్కువ.

నిద్ర రానప్పుడు పాత మాత్ర వేసుకుంటే తప్పేమిటి? రాత్రి వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందులు పెద్దవారి శరీరంలో చాలా గంటలు నిలిచి ఉంటాయి కాబట్టి రాత్రి వేసుకున్నదాని ప్రభావం మరుసటి రోజు ఉదయం కూడా కొంత మిగిలే ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, నిద్ర వస్తున్నట్టు అనిపించకపోయినా ప్రతిస్పందన వేగం, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి తగ్గి ఉండవచ్చు. తన చురుకుదనం తగ్గిందన్న సంగతి ఆ మనిషికే తెలియకపోవడం వాహనం నడిపేటప్పుడు, యంత్రాల దగ్గర పనిచేసేటప్పుడు, పరీక్షలు రాసేటప్పుడు ప్రమాదకరం. పైగా ఇవి తెచ్చే నిద్ర మామూలు నిద్ర లాంటిది కాదు, కలలు వచ్చే దశ అందులో తగ్గిపోతుంది. అలర్జీ ముక్కుకు ఈ రోజుల్లో పాత మాత్రను మొదటి ఎంపికగా తీసుకోవడానికి నాకైతే ఒక్క సరైన కారణం కూడా కనిపించదు.

మగత రాదని చెప్పే మాత్రలన్నీ ఒకటేనా?

కాదు. ‘మగత రానివి’ అనే కన్నా ‘మగత తక్కువగా ఉండేవి’ అనడం న్యాయం. ఆ తక్కువలోనూ హెచ్చుతగ్గులున్నాయి.

అమెరికాలో అనుమతి కోసం జరిపిన పరీక్షల్లో 10 మిల్లీగ్రాముల సెటిరిజిన్ వేసుకున్న పెద్దవారిలో సుమారు 14 శాతం మందికి మగత కలిగింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఆ సంఖ్య సుమారు 6 శాతం. లొరాటడిన్‌కు ఇది 8 శాతం, ఉత్తుత్తి మాత్రకు 6 శాతం. ఫెక్సోఫెనడిన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ తేడా దాదాపు లేదనే చెప్పాలి. మరోలా చూస్తే, సెటిరిజిన్ వేసుకున్న వంద మందిలో ఎనభై మందికి పైగా ఏ మగతా లేకుండానే ఉంటారు, కానీ మిగిలినవారిలో మీరూ ఒకరైతే ఆ లెక్క మీకు ఊరట కలిగించదు. లెవోసెటిరిజిన్ సెటిరిజిన్‌లోంచి వేరుచేసిన చురుకైన భాగమే కనుక దానికీ కొంత మగత ఉంటుంది.

పైలట్ల విషయంలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పాటించే పద్ధతి ఇక్కడ ఆలోచింపజేస్తుంది. ఆ సంస్థ లొరాటడిన్, డెస్‌లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్‌లను అనుమతిస్తుంది, సెటిరిజిన్, లెవోసెటిరిజిన్‌లు వేసుకుని విమానం నడపడానికి ఒప్పుకోదు. బస్సు, లారీ, క్రేన్ నడిపేవారు కూడా ఇదే వరుసను అనుసరించడం మంచిదని నా అభిప్రాయం.

మగత సంగతి పక్కనబెడితే, ముక్కు కారడం, తుమ్ములు తగ్గించడంలో ఈ మందుల మధ్య తేడాలు పెద్దవి కావు. సెటిరిజిన్ కొందరికి త్వరగా, కాస్త గట్టిగా పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. ఒకరికి బాగా సరిపోయినది మరొకరికి అంతగా సరిపోకపోవచ్చు కాబట్టి ఒకదాన్ని వారం పది రోజులు సక్రమంగా వాడి చూసి, గుణం చాలకపోతే ఇంకొకదానికి మారడంలో తప్పు లేదు. ఏదైనా సరే, మొదటిసారి వేసుకునే రోజున వాహనం నడపవలసిన పని పెట్టుకోకండి. ఆ మందు మీ మీద ఎలా పనిచేస్తుందో ముందు చూసుకోండి.

పెద్దవారికి మామూలు మోతాదు ఎంత?

రోజుకు ఒకసారి సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు, లెవోసెటిరిజిన్ 5, లొరాటడిన్ 10, డెస్‌లొరాటడిన్ 5, బిలాస్టిన్ 20, రుపటడిన్ 10 మిల్లీగ్రాములు. ఫెక్సోఫెనడిన్ అలర్జీ ముక్కుకు కొన్ని దేశాల్లో రోజుకు 120 మిల్లీగ్రాములుగా, మరికొన్ని దేశాల్లో 180 మిల్లీగ్రాములుగా వాడుకలో ఉంది. సెటిరిజిన్ వల్ల కొద్దిగా మగత వచ్చేవారు దాన్ని సాయంత్రం వేసుకోవచ్చు.

వేసుకున్న ఎంతసేపటికి గుణం కనిపిస్తుంది? రోజూ వేసుకోవాలా, అవసరమైనప్పుడే చాలా?

చాలావరకు ఒక గంట నుంచి మూడు గంటల లోపు గుణం కనిపిస్తుంది. సెటిరిజిన్ ఒక గంటలోపే మొదలుపెడుతుంది, లొరాటడిన్ కొంచెం నిదానం. ఒక మాత్ర ప్రభావం సుమారు 24 గంటలు ఉంటుంది.

రోజూ వేసుకోవాలా అన్నది మీ లక్షణాల తీరును బట్టి ఉంటుంది. అలర్జీ ముక్కుకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలైన ‘ఏరియా’లో, లక్షణాలు వారానికి నాలుగు రోజుల కన్నా తక్కువగా లేదా వరుసగా నాలుగు వారాల కన్నా తక్కువగా ఉంటే అప్పుడప్పుడు వచ్చే రకమని, వారానికి నాలుగు రోజులు లేదా అంతకు మించి నాలుగు వారాలకు పైగా ఉంటే నిలిచి ఉండే రకమని విభజించారు. మొదటి రకానికి అవసరమైనప్పుడు ఒక మాత్ర చాలు. పుప్పొడి కాలమంతా బాధపడేవారు ఆ కాలం మొదలయ్యే కొద్ది రోజుల ముందు నుంచే రోజూ వేసుకుంటే, బాగున్న రోజు మానేసి, బాగాలేని రోజు వెతుక్కునే పద్ధతి కన్నా హాయిగా గడుస్తుంది.

తుమ్ములు, కారడం తగ్గాయి కానీ ముక్కు దిబ్బడ తగ్గలేదు. మోతాదు పెంచాలా?

పెంచకండి. పైన చెప్పిన రెండో దశ వాపు ఇది. యాంటీహిస్టమిన్ మాత్ర దురద, తుమ్ములు, కారడం మీద పనిచేసినంతగా దిబ్బడ మీద పనిచేయదు, రెండు మాత్రలు వేసుకున్నా ఈ తేడా మారదు.

దిబ్బడే ముఖ్యమైన బాధ అయినప్పుడు, లేదా లక్షణాలు రోజువారీ పనినీ నిద్రనూ చెడగొడుతున్నప్పుడు, ఫ్లూటికసోన్, మొమెటసోన్, బుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ ముక్కు స్ప్రేలే మెరుగైన చికిత్స. ఇవి కారడాన్ని, తుమ్ములను కూడా మాత్రల కన్నా బాగా అదుపు చేస్తాయి. స్టెరాయిడ్ అన్న మాట విని చాలామంది వెనకాడతారు కానీ, ముక్కులో కొట్టే ఈ మందు చెప్పిన మోతాదులో వాడితే రక్తంలోకి చేరేది స్వల్పమే. అసలు ఇబ్బంది ఓపిక దగ్గర వస్తుంది. పూర్తి ప్రభావం కనిపించడానికి రోజూ వాడుతూ ఒకటి రెండు వారాలు పట్టవచ్చు, ఈలోగా రెండు రోజులు చూసి పక్కన పడేసేవారే ఎక్కువ.

కొట్టుకునే పద్ధతి కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ముందు ముక్కు చీది శుభ్రం చేసుకుని, సీసాను బాగా కుదిపి, తలను వెనక్కి వాల్చకుండా కొంచెం ముందుకు వంచాలి. కుడి రంధ్రంలోకి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలోకి కుడి చేత్తో కొట్టాలి. అలా చేస్తే స్ప్రే మొన సహజంగానే బయటి గోడ వైపు, అదే వైపు కంటి చివర దిశగా తిరుగుతుంది. మధ్య గోడకు గురిపెట్టి కొట్టేవారికి ఆ గోడ ఎండిపోయి, ముక్కు నుంచి రక్తం చారలు చారలుగా పడే అవకాశం ఉంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకూడదు. గొంతులో మందు చేదుగా తగిలిందంటే అది ముక్కులో ఆగకుండా లోపలికి జారిపోయిందని అర్థం.

ఇక అజెలాస్టిన్ యాంటీహిస్టమిన్ మందే అయినా స్ప్రే రూపంలో దొరుకుతుంది. 15 నుంచి 30 నిమిషాల్లో పని మొదలుపెట్టడం, దిబ్బడకు కూడా కొంత ఉపయోగపడటం దాని మంచి గుణాలు. చేదు రుచి, కొందరికి కాస్త మగత దాని లోపాలు.

మాత్ర పేరు చివర ‘డి’ అని ఉంటే ఏమిటి?

సాధారణంగా అందులో యాంటీహిస్టమిన్‌తో పాటు దిబ్బడను తగ్గించే సూడోఎఫెడ్రిన్ వంటి మందు కలిసి ఉందని అర్థం. అది రక్తనాళాలను కుదించి దిబ్బడను తగ్గిస్తుంది, కానీ రక్తపోటును, గుండె దడను పెంచవచ్చు, నిద్ర పట్టనివ్వదు. అధిక రక్తపోటు, గుండె జబ్బు, గ్లకోమా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ప్రొస్టేట్ వాపు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు. ఉత్త ముక్కు కారడానికి దీని అవసరమే లేదు.

మరికొన్ని కలగలుపు మాత్రల్లో ఫెనైల్‌ఎఫ్రిన్ ఉంటుంది. నోటి ద్వారా తీసుకున్న ఫెనైల్‌ఎఫ్రిన్ దిబ్బడపై పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ‘జలుబు మాత్రలు’ అనే పేరుతో వచ్చేవాటిలో పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైల్‌ఎఫ్రిన్ కలిసి ఉండటం చాలా సాధారణం. కాబట్టి స్ట్రిప్ వెనక్కి తిప్పి, పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లను, వాటి ఎదుట ఉన్న మిల్లీగ్రాములను చదవండి. మగత రాని మాత్ర వేసుకుంటూనే, తలనొప్పికని వేరే మాత్రలో మగత వచ్చే మందును తెలియకుండానే మింగేవారు ఉంటారు.

ముక్కులో వేసుకునే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో దిబ్బడ విడదీస్తాయి. అయితే వాటిని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం తగ్గిన ప్రతిసారీ దిబ్బడ మునుపటి కన్నా ఎక్కువగా తిరిగి వస్తుంది.

భోజనానికి ముందా, తరువాతా? పండ్ల రసంతో వేసుకోవచ్చా?

సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లొరాటడిన్, డెస్‌లొరాటడిన్‌లను ఎప్పుడైనా వేసుకోవచ్చు. బిలాస్టిన్‌ను మాత్రం తినడానికి గంట ముందు లేదా తిన్న రెండు గంటల తరువాత వేసుకోవాలి. ఫెక్సోఫెనడిన్‌ను మంచినీళ్లతోనే మింగాలి. ఆపిల్, నారింజ, నిమ్మజాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ రసాలు పేగులో ఈ మందును లోపలికి చేరవేసే ప్రొటీన్లను అడ్డుకోవడం వల్ల రక్తంలోకి చేరే మందు బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఎసిడిటీ మందులు కూడా అదే నష్టం చేస్తాయి కనుక రెంటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. ఫెక్సోఫెనడిన్ తనకు అసలు పనిచేయదని చెప్పేవారిని, అది దేనితో మింగుతున్నారని మొదట అడగాలి.

మద్యం తాగితే?

మద్యం ఏ యాంటీహిస్టమిన్ మగతనైనా పెంచగలదు, సెటిరిజిన్‌తో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మందుల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

కొన్నాళ్లు వాడాక మందు పనిచేయడం మానేస్తుందా?

రెండో తరం మందులకు ముక్కు అలవాటుపడిపోయి గుణం తగ్గుతుందని నమ్మదగిన ఆధారాలు లేవు. పనిచేయడం లేదనిపించినప్పుడు చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. అలర్జీ కారకం మోతాదు పెరగడం, మాత్రలు మధ్యమధ్యలో మానేయడం, దిబ్బడ పెరగడం, మధ్యలో జలుబు చేయడం అలాంటివే.

ఒక మాత్ర చాలకపోతే రెండు వేసుకోవచ్చా? రెండు రకాలు కలపవచ్చా?

చర్మం మీద దీర్ఘకాలం వచ్చే దద్దుర్లకు వైద్యులు కొన్నిసార్లు మామూలు మోతాదుకు నాలుగు రెట్ల వరకు రాస్తారు. ఆ సంగతి విని ముక్కుకు కూడా అలాగే చేయాలనుకోకండి. ముక్కు అలర్జీలో మోతాదు పెంచినందువల్ల మేలు పెద్దగా పెరగదు, సెటిరిజిన్ అయితే మగత మాత్రం పెరుగుతుంది. రెండు యాంటీహిస్టమిన్ మాత్రలు కలిపితే రెండూ వెళ్లి చేరేది అదే గ్రాహకం దగ్గరకు కాబట్టి లాభం లేదు. ఒక మాత్ర చాలనప్పుడు దానికి తోడుగా చేర్చవలసినది ముక్కు స్ప్రే.

ఈ మందులు గుండెకు ప్రమాదమని విన్నాను, నిజమేనా?

ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. మగత రాని మందుల్లో మొట్టమొదట పేరు తెచ్చుకున్నది టెర్ఫెనడిన్. దానిని కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ వంటి మందులతో కలిపి వాడినప్పుడు, కాలేయం దానిని మార్చలేకపోవడం వల్ల రక్తంలో మోతాదు పెరిగి, కొందరిలో గుండె లయ ప్రాణాపాయకరంగా దెబ్బతింది. 1990ల చివరలో దానినీ, అదే దోషమున్న అస్టెమిజోల్‌నూ అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించారు. టెర్ఫెనడిన్ శరీరంలో మారగా ఏర్పడే, గుండెకు ఆ హాని చేయని రూపమే నేటి ఫెక్సోఫెనడిన్. ఈ రోజు సాధారణంగా వాడే సెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్‌లకు మామూలు మోతాదులో ఆ ప్రమాదం లేదు. అయితే గుండె లయ జబ్బు ఉన్నవారు, ఈసీజీలో క్యూటీ వ్యవధి ఎక్కువగా ఉందని వైద్యులు చెప్పినవారు ముఖ్యంగా రుపటడిన్, ఎబాస్టిన్‌ల విషయంలో వైద్యుణ్ణి అడిగి తీరాలి.

మూత్రపిండాలు, కాలేయం జబ్బులు ఉన్నవారు ఏది వాడాలి?

సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ ప్రధానంగా మూత్రం ద్వారా బయటకు పోతాయి. మూత్రపిండాల పనితీరు తగ్గినవారిలో అవి పేరుకుని మగతను పెంచుతాయి కనుక మోతాదు తగ్గించాలి. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయి డయాలసిస్‌లో ఉన్నవారు లెవోసెటిరిజిన్ వాడకూడదు. ఫెక్సోఫెనడిన్‌కు కూడా మూత్రపిండాల జబ్బులో తగ్గింపు అవసరం. లొరాటడిన్‌ను మార్చేది కాలేయం, తీవ్రమైన కాలేయ జబ్బులో దానిని రోజు విడిచి రోజు ఇస్తారు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడవచ్చా?

గర్భిణులలో ఎక్కువ కాలంగా, ఎక్కువ మందిలో పరిశీలించినవి లొరాటడిన్, సెటిరిజిన్. వాటి వల్ల పుట్టుక లోపాలు పెరిగినట్టు కనబడలేదు. అయినా మొదటి మూడు నెలల్లో వైద్యుణ్ణి అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. లక్షణాలు తేలికగా ఉంటే ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడమే చాలవచ్చు. ఆ నీరు తప్పనిసరిగా మరిగించి చల్లార్చినది లేదా డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. కుళాయి నీటిని నేరుగా వాడితే, చాలా అరుదుగానే అయినా, మెదడుకు సోకే అమీబా ముక్కు ద్వారా ప్రవేశించగలదు.

పాలిచ్చే తల్లులకు కూడా ఈ రెండు మందులనే సూచిస్తారు, పాలలోకి చేరేది చాలా తక్కువ. పాత రకం మాత్రలు బిడ్డకు మగత కలిగించవచ్చు.

పిల్లలకు?

రెండేళ్ల లోపు పిల్లలకు వైద్యుడు చెప్పకుండా ఏ యాంటీహిస్టమిన్ ఇవ్వకూడదు. ముఖ్యంగా ప్రోమెథజిన్ ఆ వయసులో ఊపిరిని ప్రాణాపాయం కలిగేంతగా మందగింపజేయవచ్చు. పెద్ద పిల్లలకు సెటిరిజిన్, లొరాటడిన్ సిరప్‌లు ఉన్నాయి. వయసు, బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదును సీసాతో వచ్చిన కొలత మూతతోనో సిరంజితోనో కొలవాలి, వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలతలో ఉంటాయి. పాత మందులు కొందరు పిల్లల్లో మగతకు బదులు చిరాకు, గంతులు, నిద్రలేమి తెస్తాయి. ప్రయాణంలో పిల్లలు నిద్రపోవాలని ఈ సిరప్‌లు పట్టించడం ఎంతమాత్రం తగదు.

ఇంట్లో పెద్దవయసు వారికి?

అరవై అయిదు దాటినవారికి మొదటి తరం మందులు ఇవ్వకపోవడమే మేలు. అయోమయం, తూలి పడిపోవడం, మూత్రం ఆగిపోవడం వారిలో ఎక్కువగా కనిపిస్తాయి. కొత్తవాటిలో ఫెక్సోఫెనడిన్ లేదా లొరాటడిన్‌ను, మూత్రపిండాల పనితీరు చూసుకుని, మొదలుపెట్టవచ్చు.

నెలల తరబడి వాడితే నష్టమా? ఒక్కసారిగా ఆపవచ్చా?

రెండో తరం మందులను చాలా ఏళ్లుగా వాడుతున్నవారు ఎందరో ఉన్నారు, వాటికి వ్యసనపడే గుణం లేదు. అయితే సెటిరిజిన్, లెవోసెటిరిజిన్‌ల గురించి ఎఫ్‌డీఏ 2025 మేలో ఒక హెచ్చరిక చేసింది. వాటిని రోజూ నెలలు లేదా ఏళ్ల తరబడి వాడి ఆపిన కొందరిలో, కొద్ది రోజులకే ఒళ్లంతా తీవ్రమైన దురద మొదలైంది. ఇది అరుదైన విషయం, అంతకు ముందు వారికి దురద జబ్బు లేదు. అలాంటిది జరిగితే దాన్ని కొత్త అలర్జీగా భావించి కంగారుపడకుండా, వైద్యుడికి మందు ఆపిన సంగతి చెప్పండి. మందు తిరిగి మొదలుపెట్టి, నెమ్మదిగా తగ్గించుకుంటూ పోవడం కొందరికి ఉపకరించింది.

మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు మంచివా?

లెవోసెటిరిజిన్, మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రలు విరివిగా రాస్తుంటారు. మాంటెలుకాస్ట్ పైన చెప్పిన ల్యూకోట్రయీన్లను అడ్డుకునే మందు. ఆస్తమా కూడా ఉన్నవారికి దాని వల్ల ప్రయోజనం ఉండవచ్చు. అలర్జీ ముక్కు ఒక్కదానికే అయితే, ఇతర మందులు సరిపడనప్పుడు మాత్రమే దాన్ని వాడాలని ఎఫ్‌డీఏ 2020 మార్చిలో సూచించింది. పీడకలలు, ఆందోళన, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వంటి మానసిక దుష్ప్రభావాలు దానికి కారణం. ఆ మాత్ర వాడుతున్న పిల్లవాడి ప్రవర్తన హఠాత్తుగా మారితే అది మందు వల్ల కావచ్చన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

అన్నీ వాడినా ముక్కు కారుతూనే ఉంది. ఇప్పుడేం చేయాలి?

ముందుగా అది అలర్జీయేనా అని తిరిగి చూసుకోవాలి. చల్లగాలి, ఘాటైన వాసనలు, కారంగా తినడం వల్ల దురద లేకుండా ముక్కు కారేవారికి అలర్జీ లేకపోవచ్చు. అలాంటివారికి యాంటీహిస్టమిన్ మాత్ర పెద్దగా ఉపయోగపడదు, ఇప్రట్రోపియం అనే ముక్కు స్ప్రే మంచి గుణం చూపిస్తుంది. కొన్ని రక్తపోటు మందులు కూడా ముక్కు కారడానికి కారణమవుతాయి కనుక వాడుతున్న మందులన్నిటి జాబితాను వైద్యుడికి చూపించాలి. పరీక్షల్లో అలర్జీయేనని తేలి, మాత్రలతోనూ స్ప్రేలతోనూ లొంగనివారికి ఇమ్యునోథెరపీ ఒక మార్గం. అలర్జీ కారకాన్నే కొద్ది కొద్దిగా, ఇంజెక్షన్ల రూపంలోనో నాలుక కింద పెట్టుకునే మాత్రల రూపంలోనో, సాధారణంగా మూడేళ్లపాటు ఇస్తారు.

ఎప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి?

ఊపిరి ఆడకపోవడం, నాలుక లేదా గొంతు వాపు, ఒళ్లంతా దద్దుర్లతో కళ్లు తిరగడం వంటివి అనాఫిలాక్సిస్ అనే ప్రాణాపాయకరమైన అలర్జీ సూచనలు. దానికి కావలసినది ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్. యాంటీహిస్టమిన్ మాత్ర వేసుకుని తగ్గుతుందేమోనని కూర్చోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. పిల్లికూతలు, రాత్రి దగ్గు ఉంటే ఆస్తమా కోసం చూపించుకోవాలి. ఒక్క రంధ్రం నుంచే కారడం, రక్తంతో కలిసి కారడం, ముఖం ఒకవైపు నొప్పితో జ్వరం రావడం కూడా చూపించుకోవలసినవే. తలకు దెబ్బ తగిలిన తరువాత ఒకవైపు నుంచి, ముందుకు వంగినప్పుడు ధారగా, నీళ్లలా కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, దాన్ని అలర్జీ అనుకుని మాత్రలతో రోజులు గడపకూడదు.

చర్మం మీద అలర్జీ పరీక్ష చేయించుకోవాలి. మాత్రలు ఎప్పుడు ఆపాలి?

సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి, లేకపోతే అలర్జీ ఉన్నా చర్మం మీద బొబ్బ లేవక పరీక్ష తప్పు ఫలితాన్ని చూపిస్తుంది. స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఆపనక్కర లేదు, అజెలాస్టిన్ స్ప్రే వాడేవారు మాత్రం పరీక్ష చేసేవారిని అడగాలి. మాత్రలు ఆపలేని పరిస్థితి ఉంటే, రక్తంలో ఐజీఈ చూసే పరీక్షకు ఈ మందులు అడ్డుకావు కాబట్టి దాన్ని చేయించుకోవచ్చు.